రన్‌వే మనది... విమానం ఎవరిది?

అరకు లోయలో విమానం దిగదు. అయినా అక్కడి సీజనుకి విమానాలతో గట్టి లంకె ఉంది. మంచు పట్టే నెలల్లో బెంగళూరు నుంచో ఢిల్లీ నుంచో అరకుకీ వంజంగికీ లంబసింగికీ బయల్దేరినవాళ్లు ముందు విశాఖలో దిగుతారు. ఆ రన్‌వే నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగ స్థావరంలో నేవీ అవసరాలు తీరాక మిగిలిన వేళలే ప్రయాణికుల విమానాలకు దక్కుతాయి. 2023 నవంబరు నుంచి రన్‌వే పనుల కోసం రాత్రిళ్లు మూసేస్తే ఆ వేళల రాకపోకలు నెలల తరబడి ఆగిపోయాయి. సరిగ్గా అరకు సీజను అది. ఎయిర్‌లైన్సు కొత్త సర్వీసు వేస్తామన్నా అవునో కాదో చెప్పే అధికారం టెర్మినల్ నడిపేవాళ్ల చేతుల్లో పూర్తిగా ఉండదు.

ఇక ఆ కథ భోగాపురానికి మారుతోంది. విజయనగరం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా, 2,200 ఎకరాల పైచిలుకు నేలలో లేచిన కొత్త విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మన్యంలో పోరాడినవాడి పేరు తీరంలో వెలిసింది, మన్యం మాత్రం అక్కడికి వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉంది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. ఒకే కట్టడానికి రెండు పునాదిరాళ్లు పడటం మనకేం కొత్త కాదు లెండి. 3,800 మీటర్ల రన్‌వే, తొలి దశలో ఏటా 60 లక్షల మందికి సరిపడే టెర్మినల్. 2026 జనవరి 4న ఎయిరిండియా విమానం పరీక్షగా వచ్చి దిగింది. కట్టింది జీఎంఆర్. ఆ సంస్థ అధిపతి గ్రంధి మల్లికార్జునరావుది దగ్గర్లోని రాజాం.

వేలంలో జీఎంఆర్ నెగ్గిన లెక్క చూస్తే విమానాశ్రయాల వ్యాపారం ఎటు తిరిగిందో తెలుస్తుంది. ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున ప్రభుత్వానికి చెల్లిస్తామని ఆ సంస్థ పాట పాడింది. బేరమంతా మనిషి తల మీద జరిగింది, విమానం మీద కాదు. ఒకప్పుడు విమానాశ్రయం ప్రధాన ఆదాయం ఎయిర్‌లైన్సు కట్టే ల్యాండింగు, పార్కింగు రుసుములే. ఇప్పుడు టికెట్లో కలిపి వసూలయ్యే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఉంది, కారు పార్కింగు ఉంది, కాఫీ కొట్టు ఉంది, చుట్టూ ఉన్న భూమి మీద హోటళ్లూ ఆఫీసులూ ఉన్నాయి. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం దుకాణాలు, అద్దెల ఆదాయంలో 30 శాతాన్ని మాత్రమే విమాన ఛార్జీలు తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. మిగతాది నిర్వాహకుడి జేబుకే. కాబట్టి అతనికి కావలసింది జనం. జనాన్ని తెచ్చేది ఎయిర్‌లైన్సు.

సంతలో కూర్చుని ఆశీలు వసూలు చేసుకునే గుత్తేదారు, ఒక రోజు లేచి వెళ్లి వర్తకులకు తానే బండి కిరాయి ఇచ్చి సంతకు రప్పించుకోవాల్సి వస్తే ఎలా ఉంటుంది? ప్రపంచంలో చాలా చోట్ల విమానాశ్రయాల పరిస్థితి అదే. బెల్జియంలోని షార్లెరువా విమానాశ్రయం రాయితీలు గుప్పించి ర్యానెయిర్ అనే ఎయిర్‌లైన్సును తెచ్చుకుంది. ఆ రాయితీల్లో కొంత వెనక్కి కట్టించాలని యూరోపియన్ కమిషన్ 2004లో తీర్పిస్తే, 2008లో కోర్టు దాన్ని కొట్టేసింది. ర్యానెయిర్ అక్కడ స్థిరపడింది.

మన దగ్గర కిరాయి ఇచ్చింది ఎక్కువగా ప్రభుత్వాలే. 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కు ఇండిగో ఎగిరింది. సీట్లు నిండక వచ్చే లోటును రాష్ట్రం భరిస్తానంది. 2019లో ప్రభుత్వం మారింది, డబ్బు ఆగింది, ఏడాదైనా నిండకుండానే విమానమూ ఆగింది. రన్‌వే అక్కడే ఉంది, టెర్మినల్ అక్కడే ఉంది.

చిన్న ఊళ్ల దగ్గరికొస్తే ఈ ముచ్చట ఇంకా కరుకుగా కనిపిస్తుంది. విజయనగరం రాజవంశీకుడు అశోక్ గజపతిరాజు కేంద్ర విమానయాన మంత్రిగా ఉండగా 2016లో ఉడాన్ పథకం వచ్చింది. చిన్న ఊళ్లకు ఎగిరే ఎయిర్‌లైన్సుకు మూడేళ్లు లోటు భర్తీ, ఆ దారిలో మరొకరు రాకుండా రక్షణ, ల్యాండింగు రుసుముల మాఫీ. లోటులో 20 శాతం రాష్ట్రాలది. తొలి రోజు, 2017 ఏప్రిల్ 27న, ఎగిరిన వాటిలో కడప-హైదరాబాద్ కూడా ఉంది. నడిపింది హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్. 2022 కల్లా ఆ సంస్థ ఎగరడం మానేసింది. కడపకు మళ్లీ విమానం రావాలంటే రాష్ట్రం ఇండిగోతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

అరకు దాటి అదే కొండల్లో పైకి వెళితే జయపురం, ఇంకా వెళితే బస్తర్‌లోని జగదల్‌పూర్. కిరండూల్ రైలు 58 సొరంగాలు దూరి, బొర్రా, అరకు మీదుగా విశాఖనుంచి జగదల్‌పూర్ చేరేసరికి పొద్దంతా గడిచిపోతుంది. 2018 జూన్‌లో జగదల్‌పూర్-విశాఖ మధ్య ఎయిర్ ఒడిశా చిన్న విమానం ఉడాన్ కింద మొదలైనప్పుడు బస్తర్‌లో ఎంత సంబరమో. కొద్ది నెలలకే అది ఆగిపోయింది. 2022 అక్టోబరు చివర్లో జయపురం నుంచి ఇండియావన్ ఎయిర్ తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌తో భువనేశ్వర్‌కూ విశాఖకూ రాకపోకలు మొదలుపెట్టింది. తొమ్మిది మంది టికెట్లతో ఇద్దరు పైలట్ల జీతం, ఇంధనం, మరమ్మతులు గట్టెక్కవు. పైగా ఇలాంటి చిన్న ఎయిర్‌స్ట్రిప్పుల్లో చాలావాటిలో పైలట్ కంటిచూపు మీదే దిగాలి. తూర్పు కనుమల్లో వాన, పొగమంచు ఎవరి టైంటేబులూ చూడవు.

కాగ్ 2023 నివేదిక ఈ గోలంతా అంకెల్లో చెప్పింది. ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ నిలబడినవి 112. రాయితీ అయిపోయాక కూడా 2023 మార్చి వరకు ఎగిరినవి 54. పథకం పాడైందని నేననను. జగదల్‌పూర్‌కే 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ పెద్ద ఏటీఆర్‌తో రాయపూర్-జగదల్‌పూర్-హైదరాబాద్ దారిలో వచ్చింది, 2024లో ఇండిగో కూడా హైదరాబాద్ నుంచి వచ్చింది. బస్తర్ మనిషి ఆకాశంలో విశాఖకు కాక హైదరాబాద్‌కు వెళ్లదలిచాడన్నమాట. విశాఖకు రైలుంది, రోడ్డుంది. 464 కిలోమీటర్ల ఆరు వరుసల రాయపూర్-విశాఖ రహదారి కొరాపుట్ కొండల్లోంచి వస్తే తొమ్మిది సీట్ల విమానానికి పెద్ద పోటీ అదే. ఏ దారికి విమానం కావాలో ఢిల్లీలో బొమ్మ గీసినంత మాత్రాన తేలదు.

భోగాపురానికి ఈ బాధ లేదు. విశాఖ విమానాలన్నీ అటే కదులుతాయి, జనం తక్కువవుతారన్న భయం లేదు. దాని చిక్కు వేరు. దేశీయ ప్రయాణికుల్లో సుమారు తొంభై శాతం ఇండిగో, ఎయిరిండియా గ్రూపుల చేతుల్లోనే ఉన్నారు. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సిద్ధం కాక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేస్తే, దేశమంతా టెర్మినళ్లు సూట్‌కేసులతో నిండిపోయాయి. ఆ వారంలో విమానాశ్రయాల నిర్వాహకులు చేయగలిగింది మంచినీళ్లు పంచడం. ఇద్దరే కొనుగోలుదారుల మీద బతికే అమ్మకందారుకు ధర చెప్పే సత్తా ఎక్కడిది? రుసుము పెంచితే ఎయిర్‌లైన్సు విమానాన్ని ఇంకో ఊరికి మళ్లిస్తుంది. అందుకే రాబోయే రోజుల్లో విమానాశ్రయాలు కొత్త ఎయిర్‌లైన్సును వెతికి, ‘మా ఊరికి రావడానికి జనానికి కారణం ఉంది’ అని లెక్కలతో నమ్మించాల్సి వస్తుంది.

భోగాపురం చూపించగల కారణాల్లో అరకు ఒకటి. పర్యాటకుడు వచ్చేది టెర్మినల్ చూడటానికి కాదు గదా. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పచ్చి గింజలకు ఓడే సరైన దారి. విమానం ఎక్కేది మనిషి చేతిసంచిలోని పొట్లం. ఆ పొట్లం అమ్మే కొట్టు గిరిజన సహకార సంస్థ చేతిలో ఉంటుందా, బడా గొలుసు దుకాణానికి పోతుందా అన్నది అద్దె ఒప్పందం రాసుకునే రోజునే తేలిపోతుంది. మన్యం రైతు తరఫున అడిగేవాళ్లు ఆ రోజుకి బల్ల దగ్గర ఉండాలి.

దారి సంగతీ ఉంది. విశాఖలో మధ్యాహ్నం దిగినవాడికి ఉదయమే వెళ్లిపోయే కిరండూల్ రైలు దొరకదు. రాత్రి నగరంలోనే ఉండిపోతాడు, ఖర్చూ అక్కడే పెడతాడు. భోగాపురం నుంచైతే విశాఖలోకి పోకుండా విజయనగరం, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కొచ్చు. టాక్సీల ప్రవేశ రుసుము, పార్కింగు విమానాశ్రయానికి ఆదాయమే కనుక, అరకుకు బస్సు వెయ్యమని నిర్వాహకుడు తానుగా అడుగుతాడని అనుకోలేం. ఆర్టీసీయే అడగాలి. అదీ విమానాలు దిగే వేళల్ని చూసి.