ప్రాగ్ ట్రిప్: టికెట్ కొన్నా ఫైన్ పడుతుంది! ట్రామ్, టాక్సీ ఎక్కే ముందు ఇవి తెలుసుకోండి

యూరప్ టూర్ ప్లాన్‌లో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ కూడా ఉందా? అయితే అక్కడ తిరగడం కష్టమేమీ కాదు. కానీ డబ్బు కట్టే పద్ధతి తెలియకపోతే మాత్రం జేబుకు చిల్లే.

టాక్సీ: ముందే రేటు చూసుకోండి

ప్రాగ్ టాక్సీల పేరు ఒకప్పుడు బాగా చెడింది. 2005లో అప్పటి మేయర్ పావెల్ బేమ్ స్వయంగా మారువేషం వేసుకుని, ఇటలీ నుంచి వచ్చిన టూరిస్టులా టాక్సీ ఎక్కారు. డ్రైవర్ ఆయన దగ్గర కూడా అసలు చార్జీకి ఎన్నో రెట్లు గుంజాడు! ఇప్పుడు ఉబర్, బోల్ట్ లాంటి యాప్‌లు ఉన్నాయి కాబట్టి ఎక్కకముందే ఎంత అవుతుందో తెలిసిపోతుంది. పాతబస్తీ కూడళ్లలో ఆగి ఉన్న టాక్సీ ఎక్కేకంటే యాప్‌లో బుక్ చేసుకోవడమే మేలు. మరో విషయం, అక్కడి కరెన్సీ యూరో కాదు, కొరునా. చార్జీ విన్నప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ట్రామ్: టికెట్ కొనడమే కాదు, ముద్ర కొట్టాలి

చాలామంది పొరబడేది ఇక్కడే. మన ఆర్టీసీ బస్సులోలా ట్రామ్‌లో కండక్టర్ రాడు. బయట కొన్న పేపర్ టికెట్‌ను ట్రామ్ ఎక్కగానే పసుపు రంగు మెషీన్‌లో పెట్టి టైమ్ ముద్ర వేయించాలి. మెట్రోలో అయితే ప్లాట్‌ఫామ్‌కు వెళ్లే ముందే ఈ పని చేయాలి. ముద్ర లేని టికెట్ చేతిలో ఉన్నా లేనట్టే లెక్క. మామూలు బట్టల్లో వచ్చే చెకింగ్ సిబ్బంది బ్యాడ్జ్ చూపించి ఫైన్ వేస్తారు. "మాకు తెలియదు" అంటే వినరు.

ట్రామ్ లోపలి మెషీన్‌లో కార్డు ట్యాప్ చేసి కూడా టికెట్ తీసుకోవచ్చు. దానికి విడిగా ముద్ర అక్కర్లేదు. టికెట్లు దూరాన్ని బట్టి కాదు, సమయాన్ని బట్టి ఉంటాయి: 30 నిమిషాలు, 90 నిమిషాలు, 24 గంటలు, 72 గంటలు. ఆ గడువులోపు ట్రామ్, మెట్రో, బస్సు ఎన్నిసార్లయినా మారొచ్చు.

ఏది ఎక్కాలి?

ప్రాగ్ కోట చూడాలంటే 22వ నంబర్ ట్రామ్ సరిపోతుంది. ఎయిర్‌పోర్టుకు మాత్రం నేరుగా ట్రామ్, మెట్రో లేవు. 59వ నంబర్ ట్రాలీబస్‌లో వెలెస్లవీన్ వరకు వచ్చి, అక్కడ మెట్రో 'ఎ' లైన్ పట్టుకోవాలి. అర్ధరాత్రి దాటాక మెట్రో ఉండదు కానీ నైట్ ట్రామ్‌లు తెల్లవార్లూ తిరుగుతాయి. 90ల్లో నంబర్ ఉంటే అది నైట్ ట్రామ్ అని గుర్తు. అవి లాజార్‌స్కా స్టాప్ దగ్గర కలుస్తాయి, మారాలంటే అక్కడ దిగాలి.

చివరగా ఇంకో జాగ్రత్త. జీబ్రా క్రాసింగ్ మీద కార్లు ఆగుతాయి, ట్రామ్ ఆగదు. అక్కడి రూల్ ప్రకారం పాదచారుల కంటే ట్రామ్‌దే ముందు దారి. గంట వినిపిస్తే ఆగిపోండి. ఫైన్ అయితే కట్టేయొచ్చు, పట్టాల మీద తొందరపడితే ప్రాణానికే ముప్పు.