కత్తుల తయారీకి బెల్ట్ గ్రైండర్: పెట్టుబడిని బట్టి ఎంపిక ఎలా?

కత్తి తయారీలో ఎక్కువ సమయం తీసుకునే పని ఉక్కును అరగదీసి అంచు తేవడం. ఆకురాయితో గంటలు పట్టే ఈ పనిని బెల్ట్ గ్రైండర్ చాలా త్వరగా పూర్తి చేస్తుంది. అయితే అప్పు చేసి యంత్రం కొనే కమ్మరి ధరతో పాటు బెల్టు కొలత, మోటారు శక్తి, వేగ నియంత్రణలను కూడా పరిశీలించాలి.

తక్కువ పెట్టుబడి: 1×30 అంగుళాల బెల్టుతో నడిచే చిన్న యంత్రాలు పదును పెట్టడానికి, చిన్న కత్తులకు సరిపోతాయి. బెల్టు పొట్టిది కావడంతో త్వరగా వేడెక్కి అరిగిపోతుంది. గట్టిగా ఒత్తితే మోటారు ఆగిపోతుంది.

మధ్యస్థ పెట్టుబడి: కత్తుల తయారీదారులు ఎక్కువగా వాడేది 2×72 అంగుళాల బెల్టు. ఈ కొలతలో బెల్టుల రకాలు కూడా ఎక్కువ. చట్రాన్ని స్థానిక వెల్డింగ్ దుకాణంలో చేయించుకోవచ్చు; చక్రాలు మాత్రం లేత్‌పై కచ్చితంగా తీసినవై ఉండాలి. మోటారు 1.5 నుంచి 2 హార్స్‌పవర్ ఉంటే మేలు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు 4 అంగుళాల చక్రం అమరిస్తే బెల్టు వేగం సుమారు 460 మీటర్లు. 2,800 చుట్లయితే దాదాపు 890 మీటర్లు. కొత్తగా నేర్చుకునేవారికి తక్కువ వేగమే మంచిది.

ఎక్కువ పెట్టుబడి: వీఎఫ్‌డీ పరికరం అమర్చితే వేగాన్ని అవసరం మేరకు మార్చుకోవచ్చు. తగిన రకం ఎంచుకుంటే సింగిల్ ఫేజ్ విద్యుత్తుతోనే త్రీ ఫేజ్ మోటారును నడుపుతుంది. ఇనుప రజను లోపలికి చేరకుండా దాన్ని మూసి ఉన్న పెట్టెలో ఉంచాలి.

వేగ నియంత్రణ ఎందుకు ముఖ్యమంటే, గట్టిపరచిన ఉక్కు అంచు అరగదీతలో సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే నీలిరంగుకు తిరుగుతుంది. సాధారణ కార్బన్ ఉక్కు అప్పటికే కాఠిన్యం కోల్పోతుంది. మళ్లీ ఉష్ణశుద్ధి చేస్తే తప్ప అది తిరిగి రాదు. అందుకే అంచును తరచూ నీటిలో ముంచుతూ, అరిగిన బెల్టును వెంటనే మార్చాలి.

బెల్టుల ఖర్చు నిరంతరం ఉంటుంది కనుక మొత్తం సొమ్మును యంత్రానికే వెచ్చించరాదు. కళ్లద్దాలు, రజను మాస్కు తప్పనిసరి. పిడి చెక్క పొట్టుపై నిప్పురవ్వలు పడితే మంటలు రేగుతాయి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. అర్హులకు రూ.15,000 వరకు పనిముట్ల ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీతో పూచీకత్తు లేని రుణం తొలి విడతగా రూ.లక్ష వరకు లభిస్తాయి.