పసుపు ఉడికే రోజులు

కృష్ణా పశ్చిమ డెల్టాలో పసుపు అంటే దుగ్గిరాల. విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఈ ఊళ్ళో పసుపు మార్కెట్ యార్డు ఉంది, ఊరి పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. ఇక్కడా, కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లోనూ అరటి, కంద తోటల పక్కనే పసుపు చేలు కనిపిస్తాయి. పండిన సరుకంతా యార్డుకు తోలేయకుండా, కొంతయినా ఇంట్లోనే పొడి, కుంకుమ చేసి అమ్ముకునే కుటుంబాలు పెరగాలని నా కోరిక. ఆ పనిలోకి దిగేవాళ్ళు ఒకటి ముందే తెలుసుకోవాలి. పసుపు మంచిచెడ్డలు సగం చేలో తేలితే, మిగతా సగం తవ్విన తరవాతి మూడు వారాల్లో తేలతాయి.

దుగ్గిరాల రకం దీర్ఘకాలపు పంట. జూన్‌లో నాటితే దుంప ఊరడానికి తొమ్మిది నెలలు పడుతుంది. ఎకరాకు విత్తనమే 8 నుంచి 10 క్వింటాళ్ళు కావాలి. ఆ తరవాత కలుపులు, తడులు, మట్టి ఎగదోయడం, ఆకుమచ్చ మీద ఓ కన్ను. అన్నిటికన్నా భయపెట్టేది ముంపు. పసుపుకు తడి కావాలి గాని నిలవనీరు పడదు. నీరు నిలిచిందంటే పిథియం అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి చేరి దుంపకుళ్ళు మొదలవుతుంది. పైన ఆకు రంగు మారి మనకు తెలిసేసరికే కింద దుంప మెత్తబడి ఉంటుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలారు. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. లంకల్లో మునిగిన పంటల్లో పసుపు కూడా ఉంది. అంత వరదను ఏ రైతూ ఆపలేడు. మామూలు వానలకు మాత్రం ముందుగా తీసుకున్న మురుగు బోదే కాపాడుతుంది.

ఆకు ఎండి వాలాక కోసేసి, దుంప తవ్వుతారు. తల్లి దుంపలైన కాయలను, వాటికి పుట్టిన కొమ్ములను విడదీయాలి. రెండూ ఒకే సమయంలో ఉడకవు గనక కలిపి వండకూడదు. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టడం మేలు. ఇంటిల్లిపాదీ ఊపిరి సలపనంత పని చేసేది ఈ రోజుల్లోనే. ఒకరు మంట దగ్గర, ఒకరు ఏరే దగ్గర, ఒకరు కళ్ళంలో.

ఉడకబెట్టడం ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. ఉడికితే మొలక చస్తుంది, పచ్చివాసన పోతుంది, లోపలి పిండిపదార్థం జిగురై గట్టిపడుతుంది, రంగు కొమ్ము పొడవునా సమంగా పరుచుకుంటుంది, ఎండడమూ త్వరగా అవుతుంది. కొప్పెరలో దుంప మునిగేలా నీళ్ళు పోసి, పైన గోనె సంచులు కప్పి, ముప్పావుగంట నుంచి గంట దాకా మంట పెడతారు. నీటి మీద నురుగు లేచి, ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పుమన్నప్పుడు ఒక కొమ్ము తీసి పుల్లతో గుచ్చి చూడాలి. పుల్ల తేలిగ్గా దిగితే చాలు, దించెయ్యాలి. ఇంకాస్త ఉంచితే రంగు పోతుంది, ముందే దించితే ఎండాక పెళుసై పురుగు పడుతుంది. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు అద్దెకు వస్తున్నాయి, కట్టెలూ సమయమూ కలిసివస్తున్నాయి. అయినా పుల్ల గుచ్చి చూడటం మానకూడదు.

తరవాత 10 నుంచి 15 రోజుల ఎండ. సిమెంటు కళ్ళంలోనో తాటాకు చాపల మీదో పలచగా పోసి, రోజూ తిరగేస్తూ, రాత్రి మంచు తగలకుండా కప్పాలి. కొమ్ము విరిస్తే టక్కుమని గట్టిగా మోగాలి. 100 కిలోల పచ్చి దుంపకు చివరికి చేతికొచ్చేది దాదాపు 20 కిలోలే. ఇంత కష్టమూ చూసినవాళ్ళు పొడి ధర ఎక్కువని అనరు.

కుంకుమ చేయడం ఇంకొక పని. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మనకు తెలిసినవే: పసుపులో సున్నం కలిస్తే ఆ క్షారానికి, పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ ఎరుపెక్కుతుంది. కానీ ఆ ఎరుపు నిలవదు, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపవుతుంది. అందుకే పాత పద్ధతి కుంకుమలో పసుపును వెలిగారం, పటిక, నిమ్మరసంతో పదును చేసి నీడన ఆరబెడతారు. వెలిగారంలోని బోరాన్ పులుపు సమక్షంలో కర్కుమిన్‌తో కలిస్తే వేరే ఎర్రని పదార్థం ఏర్పడుతుంది. నిమ్మరసం దీన్ని చెడగొట్టదు, ఏర్పడటానికి అదే కావాలి.

ఇంట్లో చేసిన పసుపు కాస్త మసకగా కనిపిస్తుంది. కళ్ళు జిగేలుమనే పసుపుకు అలవాటుపడిన కొనుగోలుదారు దాన్ని పక్కన పెడితే చిన్న కుటుంబం నష్టపోతుంది. ఆ జిగేలు కోసమే బంగ్లాదేశ్‌లో కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడు సీసం ఉన్న లెడ్ క్రోమేట్ పూశారు. 2019లో అక్కడి మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రభుత్వం గట్టిగా తనిఖీలు చేసి, జనానికి చెప్పాక 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి బాగుచేయలేనిది.

2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ పసుపు బోర్డు ఎగుమతుల మాటతో పాటు ఊరూరా ఉమ్మడి బాయిలర్లు, సిమెంటు కళ్ళాలు ఏర్పాటు చేయిస్తే ఇలాంటి కుటుంబాలకు నిజమైన సాయం అవుతుంది. మనం చేయగలిగిందీ ఉంది. ఈసారి పసుపు కొనేటప్పుడు మెరుగు పెట్టని కొమ్ములు అడగండి, ఒకటి విరిచి లోపలి రంగు చూసుకోండి, మీ వీధి మిల్లులో మీ కళ్ళెదుటే ఆడించుకోండి.