నాణెం మీది అక్షరం

పొలం దున్నుతుంటే ఒక్కోసారి నాగలి కర్రుకు పాత కుండ తగులుతుంది. అందులో చిలుము పట్టిన బిళ్ళలు ఉంటాయి. కొందరు వాటిని చింతపండు పెట్టి తోముతారు. రాగివైతే పాత సామాన్లవాడికి తూకానికి వేస్తారు. వెండివైతే కరిగిస్తారు. కానీ అవి ఉత్త బిళ్ళలు కావు. పాత రాజుల నాణేలు.

ఎవరికి కావాలి ఈ నాణేలు?

పాత నాణేలు సేకరించేవాళ్ళు ఉన్నారు. ఒక వంశంలో పదిమంది రాజులుంటే, తొమ్మిదిమంది నాణేలు దొరికినా వాళ్ళకు నిద్ర పట్టదు. ఆ పదో నాణెం కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. ఎందుకంత ఆశ? ఆ ఒక్క నాణెం తెలియని కథ చెప్పవచ్చు.

కోటిలింగాలలో ఏం దొరికింది?

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. సుమారు రెండువేల ఏళ్ళ కిందట ఈ నేలను శాతవాహన రాజులు ఏలారు. వాళ్ళ తొలి రాజు పేరు మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో చెక్కి ఉంది. ఆయన పేరున్న నాణెం మాత్రం చాలాకాలం పండితుల కంట పడలేదు. చివరికి కోటిలింగాలలో దొరికింది. దాని మీద పాతకాలపు బ్రాహ్మీ లిపిలో 'చిముక' అని ఉంది. శాసనాల పండితుడు పరబ్రహ్మశాస్త్రి దాన్ని చదివారు. చిముకుడే ఆ తొలి రాజని చాలామంది పండితులు అంటారు.

చి, ము, క. మూడే అక్షరాలు! ఎవరైనా వాటిని తోమి అరగదీసి ఉంటే ఈ సంగతి తెలిసేదా?

అమ్మ పేరున్న నాణెం

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి నహపానుడనే రాజువి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద మరో రాజు తన ముద్ర కొట్టించాడు. ఆయన గౌతమీపుత్ర శాతకర్ణి. గౌతమీపుత్రుడు అంటే గౌతమి కొడుకు అని. నహపానుణ్ణి గెలిచిన రాజు, తన తల్లి పేరు కలిపి నాణెం మీద వేయించాడు. ఒక్కొక్కటే కరిగించి ఉంటే ఆ గెలుపు కథా పోయేది, ఆ తల్లి పేరూ పోయేది.

నాణేలు దొరికితే ఏం చేయాలి?

తోమవద్దు. గీకవద్దు. కుండలో ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. ఎక్కడ దొరికాయో ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. చోటు తెలియకపోతే సగం కథ పోయినట్టే.

"ఎవరికీ చెప్పకమ్మా, డబ్బిస్తాను" అని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు. భూమిలో దొరికిన నిధి గురించి 1878 నాటి చట్టం ఉంది. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి. దాచిపెడితే జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. దొరికినవాళ్ళకు రావలసిన హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. దాచిపెడితే ఆ హక్కూ పోతుంది.

నూరేళ్ళు దాటిన నాణేల వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. వాటిని దేశం దాటించి అమ్మడం నేరం. ఇది 1972 చట్టం.

కలెక్టరుకు రాసే కాగితంలో మూడు సంగతులు ఉండాలి. ఏం దొరికింది, సుమారు ఎంత? ఎక్కడ దొరికింది? ఏ రోజు దొరికింది? ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇంకొకరి చేతి కిందికి పోనక్కరలేదు. అక్షరం నేర్చిన అమ్మ తానే రాసి, కింద తన పేరు తానే పెట్టవచ్చు.