టీవీ రికార్డరుకు మూడు పరీక్షలు

ఇంటికి కొత్త సెట్‌టాప్ బాక్సు కొనాలనే మాట వచ్చినప్పుడు దుకాణదారుడు మొదట గంటల లెక్క చెబుతాడు. ‘ఇందులో ఇన్ని వందల గంటలు రికార్డు చేసుకోవచ్చు’ అంటాడు. ఆ లెక్క విని ఇంటి పెద్ద డబ్బు చెల్లిస్తాడు. తరువాత ప్రతిరోజూ ఆ ఇంటివారికి ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం వేరు. అడిగిన కార్యక్రమం పూర్తిగా రికార్డయిందా? రికార్డయినది తీరిక దొరికేవరకు చెక్కుచెదరకుండా నిలిచిందా? ఎవరి సాయమూ లేకుండా ఇంట్లోని దాదీమా దానిని తెరిచి చూడగలదా? ఉపగ్రహ టీవీ రికార్డర్లను పోల్చి చూడడానికి ఈ మూడే సరైన తూకపురాళ్ళని మేము భావిస్తున్నాము.

ఎక్కడి నుంచి వచ్చింది?

కార్యక్రమాలను క్యాసెట్టుకు బదులు హార్డ్ డిస్కులో భద్రపరిచే రికార్డరును అమెరికాలో టివో సంస్థ 1999లో విపణిలోకి తెచ్చింది. బ్రిటన్‌లో స్కై సంస్థ 2001లో 40 జీబీ డిస్కు, రెండు ట్యూనర్లతో ‘స్కై ప్లస్’ను ప్రవేశపెట్టింది. మన దేశంలో 2008లో ‘టాటా స్కై ప్లస్’ వచ్చింది. ఆ సంస్థే 2022లో టాటా ప్లేగా పేరు మార్చుకున్నది. ఎయిర్‌టెల్ కూడా డిస్కు లోపలే అమర్చిన రికార్డరును అందించింది. డిష్ టీవీ మరో దారి పట్టి, తన హెచ్‌డీ బాక్సులకు యూఎస్‌బీ ద్వారా బయటి డిస్కును తగిలించుకునే సౌకర్యం కల్పించింది.

ఒక విషయం గమనించాలి. ఉపగ్రహం నుంచి వచ్చే ప్రసారం ముందే డిజిటల్ రూపంలో ఉంటుంది. రికార్డరు దానిని ఉన్నది ఉన్నట్లుగా డిస్కు మీద రాసుకుంటుంది. అందువల్ల బొమ్మ నాణ్యతలో ఒక రికార్డరుకూ మరొక దానికీ చెప్పుకోదగిన తేడా ఉండదు. తేడా అంతా ట్యూనర్లలో, డిస్కులో, దానిని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది.

మొదటి పరీక్ష: అడిగినది రికార్డవుతుందా?

ట్యూనర్ అంటే ప్రసారాన్ని పట్టుకునే చేయి. ఒక్క చేయి ఉన్న బాక్సులో ఒక చానల్ రికార్డవుతుండగా మరొక చానల్‌ను స్వేచ్ఛగా చూడడం కుదరదు. పిల్లలు కార్టూన్ల కోసం చానల్ మార్చబోతే ‘రికార్డింగ్ ఆపివేయాలా?’ అని తెర మీద ప్రశ్న కనబడుతుంది. తొందరలో ఎవరో ‘అవును’ నొక్కుతారు, అమ్మీ కోరిన కార్యక్రమం సగంలో తెగిపోతుంది. రెండు ట్యూనర్లున్న బాక్సుకు ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. అయితే దానికి సాధారణంగా డిష్ నుంచి రెండు కేబుళ్ళు రావాలి. అమర్చేవారు ఒకే కేబుల్ లాగి వెళ్ళిపోతే, రెండు చేతుల యంత్రం కొన్నా ఒక చేయి కట్టివేసినట్లే.

రెండవ అడ్డంకి సమయం. మన బాక్సులు తెర మీది కార్యక్రమ సూచికను నమ్ముకొని పనిచేస్తాయి. చర్చ పొడిగినా, క్రికెట్ ఆట ఆలస్యమైనా సూచికలోని వేళకూ అసలు వేళకూ పొంతన ఉండదు. బాక్సులో వీలుంటే 5 నిమిషాలు ముందుగా మొదలై, 15 నిమిషాలు ఆలస్యంగా ముగిసేటట్లు రికార్డింగ్‌ను అమర్చుకోవడం మేలు.

మూడవది వాన. మన డీటీహెచ్ సేవలు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను దట్టమైన వాన చినుకులు పీల్చివేస్తాయి. తుఫాను రోజుల్లో కోస్తా జిల్లాలవారికి ఇది అనుభవమే. తెర మీద సిగ్నల్ పోయిన ఆ క్షణాలే రికార్డింగ్‌లోనూ ఖాళీగా మిగిలిపోతాయి. దీనికి ఏ కంపెనీ బాక్సూ అతీతం కాదు. డిష్ దిశను సరిగా బిగించి, మెనూలో సిగ్నల్ నాణ్యత ఎక్కువగా ఉండేటట్లు చూసుకుంటే చిన్నపాటి జల్లులను తట్టుకుంటుంది.

ఇక్కడ అమెరికా అనుభవం ఒకటి చెప్పుకోదగినది. అక్కడి డైరెక్‌టీవీ ఉపగ్రహ సేవ 2000 సంవత్సరం నుంచి టివో సాఫ్ట్‌వేర్‌తో నడిచే రికార్డర్లను అందించింది. వేళను మాత్రమే చూసుకోకుండా, కార్యక్రమం పేరును గుర్తుపెట్టుకొని దాని భాగాలను వెదకి రికార్డు చేయడం టివో ప్రత్యేకత. 2005 నుంచి ఆ సేవ తన సొంత రికార్డర్ల వైపు మళ్ళింది. డిష్ అదే, చానళ్ళు అవే. అయినా కొత్త బాక్సులు నెమ్మదిగా స్పందిస్తున్నాయనీ, కొన్ని రికార్డింగులు తప్పిపోతున్నాయనీ పాత బాక్సుకు అలవాటుపడిన ప్రేక్షకులు వాపోయారు. చివరకు 2011లో టివోతో నడిచే బాక్సును ఆ సేవ మళ్ళీ తెచ్చింది. పైకి కనబడే పెట్టె కంటే లోపలి సాఫ్ట్‌వేరే నమ్మకాన్ని నిర్ణయిస్తుందని దీనివల్ల అర్థమవుతుంది.

రెండవ పరీక్ష: రికార్డయినది నిలుస్తుందా?

ముందుగా గంటల లెక్క చూద్దాము. హెచ్‌డీ ప్రసారం సెకనుకు సుమారు 8 మెగాబిట్లు అనుకుంటే గంటకు 3.6 జీబీ అవుతుంది. ఆ లెక్కన 500 జీబీ డిస్కులో పట్టేది 140 గంటల లోపే. సెకనుకు 2 మెగాబిట్ల సాధారణ ప్రసారమైతే 550 గంటల దాకా పడుతుంది. దుకాణంలో వినిపించే ‘వందల గంటలు’ ఈ రెండవ లెక్క. డిస్కు నిండిన తరువాత కొన్ని బాక్సులు పాతవాటిని తామే చెరిపివేస్తాయి. ‘భద్రపరచు’ అనే గుర్తు పెట్టే వీలున్నదేమో కొనే ముందే అడగాలి.

డిస్కు తిరిగే యంత్రం. ప్రత్యక్ష ప్రసారాన్ని ఎప్పుడైనా ఆపి తిరిగి చూసే వీలు కోసం, బాక్సు నడుస్తున్నంతసేపూ అది రాస్తూనే ఉంటుంది. వేడి దానికి మొదటి శత్రువు. అలంకారం కోసం బాక్సు మీద గుడ్డ కప్పడం, గాలి ఆడని అరలో ఇరికించడం దాని ఆయుష్షును తగ్గిస్తాయి. రెండవ శత్రువు కరెంటు కోత. రాస్తుండగా విద్యుత్తు పోతే ఆ రికార్డింగ్ పాడుకావచ్చు, ఒక్కోసారి డిస్కు పట్టికే చెదరవచ్చు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లోనూ విద్యుత్తు మారే ఆ క్షణంలో బాక్సు ఆగి మళ్ళీ మొదలవుతుంటే, కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ అమర్చుకోవడం ఉత్తమం.

బయటి డిస్కు పద్ధతిలో ఒక సౌలభ్యం ఉన్నది. డిస్కు చెడితే బాక్సు మొత్తం మార్చనవసరం లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. వేగం తక్కువైన పెన్‌డ్రైవ్‌లో రికార్డింగ్ తడబడుతుంది. పెద్ద డిస్కుకు యూఎస్‌బీ రంధ్రం నుంచి వచ్చే విద్యుత్తు చాలకపోవచ్చు. పిల్లల చేయి తగిలి తీగ ఊడితే రాస్తున్నది పోతుంది. డిస్కును తగిలించగానే బాక్సు దానిని తన పద్ధతిలోకి మార్చుకుంటుంది. అందులో ముందే పెళ్ళి ఫొటోలు ఉంటే అవి చెరిగిపోతాయి.

అందరూ తెలుసుకోవలసిన మాట మరొకటి ఉన్నది. లోపలి డిస్కయినా, బయటి డిస్కయినా రికార్డింగ్ తాళం వేసిన రూపంలో ఉంటుంది. ఆ తాళంచెవి ఆ బాక్సు దగ్గర, దాని చందా దగ్గర ఉంటుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే తెరుచుకోదు. చాలా సేవలలో చందా నిలిచిపోతే పాతవి కూడా చూడలేము.

మా బంధువర్గంలోని ఒక బాలిక టీవీ క్విజ్ కార్యక్రమంలో పాల్గొన్నది. ఆ భాగాన్ని మా ఇంటి రికార్డరులో భద్రపరిచాము. ఇంటికి వచ్చినవారందరికీ దాని నానీ సంబరంగా చూపించేది. కొన్నాళ్ళకు డిస్కు పాడయింది. కంపెనీ మనిషి వచ్చి బాక్సు మార్చి ఇచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. పాతవాటిని కొత్త బాక్సులోకి మార్చే వీలు లేదన్నాడు. నానీ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ‘కనీసం చూశాను కదా బేటా’ అన్నది. రికార్డరు ముసాఫిర్‌ఖానా వంటిదని ఆనాడు మాకు బోధపడింది. కార్యక్రమం అక్కడ కొన్ని రాత్రులు బస చేయవచ్చు గాని, కాపురం పెట్టలేదు.

మూడవ పరీక్ష: పెద్దలు వాడగలరా?

రిమోట్ మీద ఎన్ని మీటలున్నాయో లెక్కపెట్టడం కంటే, రికార్డయిన దానిని చేరడానికి ఎన్ని మీటలు నొక్కాలో లెక్కపెట్టడం ఉపయోగకరం. రికార్డింగుల జాబితాకు నేరుగా వెళ్ళే మీట ఒకటి ఉంటే మంచిది. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఒకే ధారావాహిక భాగాలన్నీ ఒకే చోట చేరి ఉండాలి. నొక్కిన వెంటనే తెర స్పందించాలి. ఆలస్యమైతే పెద్దలు మళ్ళీ నొక్కుతారు, రెండవ నొక్కుతో వేరేది తెరుచుకుంటుంది. అతిథులు తలుపు తట్టినా, అజాన్ వినిపించినా ప్రసారాన్ని ఆపి తిరిగి చూసుకునే ఒక్క మీటే ఇంట్లో అందరూ రోజూ వాడే సౌకర్యం.

ఇక ఏది కొనాలి?

ఇటీవలి బాక్సులలో డిస్కు అవసరమే తగ్గుతున్నది. 2019లో వచ్చిన ఎయిర్‌టెల్ ఎక్స్‌స్ట్రీమ్, 2020లో వచ్చిన టాటా స్కై బింజ్ ప్లస్ వంటివి డిష్‌తో పాటు ఇంటర్నెట్‌కూ కలుస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే కార్యక్రమాలకు డిస్కు చెడుతుందన్న భయం లేదు. కాని నెట్ బాగుండాలి. పైగా చానల్ అనుమతి ఉన్నంతవరకే అవి దొరుకుతాయి.

నెట్ నిలకడగా ఉన్న పట్టణ కుటుంబానికి ఇటువంటి బాక్సు చాలు. నెట్ బలహీనంగా ఉన్న ఊళ్ళో, ఎక్కువమంది చూసే ఇంటికి రెండు ట్యూనర్లు, లోపలి డిస్కు ఉన్న రికార్డరు మేలు. అప్పుడప్పుడు ఒక కార్యక్రమం దాచుకుంటే చాలనుకునేవారికి బయటి డిస్కు పద్ధతి చౌక. ఏది కొన్నా దుకాణంలోనే ఒక నిమిషం రికార్డు చేయించి, రిమోట్‌ను ఇంట్లోని పెద్దవారి చేతికిచ్చి, దానిని వెదికి తెరవమని అడగండి. డబ్బు ఆ తరువాత చెల్లించండి.