బొంగురు గొంతు వెనుక
నెల దాటినా కుదురుకోని స్వరానికి మిరియాల పాలు చాలవు. స్వరపేటికను కళ్లారా చూడాల్సిందే

"పడిశం పట్టినట్లుంది, రెండు రోజుల్లో అదే పోతుంది." గొంతు మారితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఇదే. ఆ వెంటనే మిరియాల పాలు, ఉప్పునీళ్ల పుక్కిలింత, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్. చాలాసార్లు ఆ మాట నిజమే. వైరస్ వల్ల వాచిన స్వరపేటిక వారం, రెండు వారాల్లో తనంతట తానే కుదురుకుంటుంది. యాంటీబయాటిక్‌కు అందులో పాత్రేమీ లేదు.

చిక్కల్లా కుదురుకోని గొంతుతోనే. గొంతు మార్పు తగ్గకపోతే గరిష్ఠంగా మూడు నెలల్లోగా స్వరపేటికను పరీక్షించాలని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2009లో చెప్పింది. 2018లో ఆ గడువును నాలుగు వారాలకు కుదించింది. పొగతాగేవారు, మెడలో గడ్డ ఉన్నవారు, ఇటీవలే థైరాయిడ్ ఆపరేషన్ అయినవారు అంతవరకూ కూడా ఆగకూడదు. లోపల చూడకుండా ఎసిడిటీ మాత్రలో, స్టెరాయిడ్లో రాసివ్వడం సరికాదని కూడా ఆ మార్గదర్శకాలు వైద్యులను హెచ్చరించాయి. మన దగ్గర ఎక్కువగా జరిగేది మాత్రం అదే.

విచిత్రమేమిటంటే, లోపల చూసే దారి చూపింది సంగీతం మాస్టారు. స్పెయిన్ కుటుంబానికి చెందిన మాన్యువల్ గార్సియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో దాని మీదికి ఎండను మళ్లించి, తన స్వరతంత్రుల కదలికను తానే చూసుకున్నారు. మరుసటి ఏడాది ఆ పరిశీలనలు లండన్ రాయల్ సొసైటీ ముందుకు వెళ్లాయి. (ఆయన 101 ఏళ్లు బతికారు.)

ఇప్పుడు ఆ పని మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందమున్న వంగే గొట్టం చేస్తోంది. ముక్కులో మొద్దుబార్చే మందు చల్లి లోపలికి పంపుతారు. కొద్ది నిమిషాల పని. దారిలో ముక్కు లోపలి కండలు, వంకర దూలం, ముక్కు వెనుక భాగం కూడా కనిపిస్తాయి. ఒకేపక్క ముక్కు దిబ్బడ, రక్తం ఉంటే ఈ దారి పరీక్షే ముఖ్యం.

అయితే చూడటం ఒక్కటే చాలదు. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మగవారిలో సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవారిలో 200 సార్లు కంపిస్తాయి. ఆ వేగం కంటికి అందదు. స్ట్రోబోస్కోపీలో ఆ వేగానికి కాస్త తేడాతో వెలుగును మిణుకుమిణుకుమనిపిస్తే, తంత్రులు నింపాదిగా అలలా కదులుతున్నట్లు కనిపిస్తాయి. ఎక్కడైనా ఆ అల ఆగిపోతే అక్కడ పొర బిగుసుకుందని అర్థం. అది మచ్చ కావచ్చు, లోతుకు దిగిన కణితి కావచ్చు.

రోజంతా అరిచి పాఠాలు చెప్పే టీచర్లకు, పాటగాళ్లకు తంత్రుల మీద, చేతికి కాయలు కాచినట్లు, బొడిపెలు వస్తాయి. వాటికి కత్తి కంటే స్వర చికిత్సే ముందు. కేన్సర్ సంగతి వేరు. తంత్రి మీద చిన్న కణితి కూడా గొంతు మార్చేస్తుంది కాబట్టి అది తొందరగా పట్టిచ్చే కేన్సర్. మొదటి దశలో రేడియేషన్ లేదా లేజర్ ఒక్కదానితోనే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటపడతారు, స్వరమూ చాలావరకు దక్కుతుంది. ఆలస్యమైతే స్వరపేటికనే తీసేయాల్సి రావచ్చు.

కణితి లేకుండా ఎడమ తంత్రి కదలకపోతే? అప్పుడు వైద్యులు చూసేది ఛాతీని. ఆ తంత్రిని కదిలించే నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమనిని చుట్టుకుని మళ్లీ పైకి వస్తుంది. ఊపిరితిత్తుల కణితి, ఉబ్బిన గుండె గది కూడా గొంతును బొంగురు చేయగలవు.

శ్వాస శబ్దాన్నీ వైద్యులు చెవొగ్గి వింటారు. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి. పీల్చేటప్పుడే గరగరమంటే అడ్డు పైన, స్వరపేటిక దగ్గర ఉన్నట్లు. వెంటిలేటర్ గొట్టం పెట్టుకుని బతికి బయటపడ్డవారిలో కొందరికి కొన్ని వారాల తర్వాత శ్వాసనాళం ఇరుకవుతుంది. ఉబ్బసమనుకుని ఇన్‌హేలర్లు పీలుస్తూ తిరుగుతారు. స్పైరోమెట్రీ గ్రాఫ్‌లో వంపు తిరగాల్సిన గీత చదునుగా వస్తే అనుమానం అటు మళ్లాలి.

పసిపిల్లల్లోనైతే ఏ యంత్రం కన్నా తల్లి మాటే పెద్ద ఆధారం. పల్లీలు తింటూ ఒక్కసారిగా పొలమారి, ఆనక తగ్గినట్లే తగ్గి దగ్గు పట్టుకుంటే, గింజ శ్వాసనాళంలో ఉండొచ్చు. పల్లీ ఎక్స్‌రేలో కనపడదు. ఫిల్మ్ బాగుందని ఇంటికి పంపకుండా బ్రాంకోస్కోపీ చేయాల్సింది అక్కడే.