బిడ్డకు బండి కొనేముందు వీధిని చూడండి

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె పురిటికి పొదిలిలోని పుట్టింటికి వచ్చింది. బిడ్డకు నాలుగో నెల నడుస్తుండగా, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న అల్లుడు ఆన్‌లైన్‌లో ఒక పెద్ద స్ట్రోలర్ కొని పంపించాడు. అట్టపెట్టె విప్పేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మెత్తని సీటు, పైన గొడుగు, కింద సామాన్ల బుట్ట, కప్పు పెట్టుకునే గూడు. బరువు 13 కిలోలు. "మేము పిల్లల్ని చంకన వేసుకునే నీళ్ళకు పోయేవాళ్ళం. నీ బిడ్డకు రథమే వచ్చింది బేటీ!" అని అమ్మ తన మనుమరాలిని చూసి మురిసిపోయింది.

ఆ మురిపెం మూడు రోజులే నిలిచింది. మూడో రోజు అస్ర్ నమాజు తర్వాత బిడ్డను అందులో పడుకోబెట్టి, గుమ్మం ముందున్న ర్యాంపు మీద నిలిపి, పాలసీసా తెచ్చుకోవడానికి తల్లి లోపలికి వెళ్ళింది. మోటారు సైకిలు ఇంట్లోకి ఎక్కించుకోవడానికి పక్క కాలువ మీదుగా సిమెంటుతో వేసుకునే ఏటవాలు దారి అది. మా పేటలో లేని ఇల్లు లేదు. ఆమె బ్రేకు నొక్కలేదు, బెల్టు పెట్టలేదు. బండి నెమ్మదిగా కదిలి వీధిలోకి దిగింది. ఎదురింటి కుర్రవాడు పరుగున వచ్చి పట్టుకోకపోతే, మలుపు తిరిగి వస్తున్న ఆటో కిందికి వెళ్ళిపోయేదే. అల్‌హమ్‌దులిల్లాహ్, బిడ్డకు చిన్న గీత కూడా పడలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. "రేపే దాన్ని తిరిగి పంపించేయండి. మాకు లేని బండి మీకెందుకు?" అని అమ్మ పట్టుబట్టింది. మా అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుంది. "రాత్రంతా ఎత్తుకొని తిప్పుతున్నాను నానీ. నడుము నొప్పి, చేతులు పడిపోతున్నాయి. నా కష్టం ఎవరికీ కనపడదా?" అంది. ఎవరి మాట కాదనగలం? అమ్మ భయంలో న్యాయముంది, అమ్మాయి అలసటలోనూ న్యాయముంది. అందుకే ఈ విషయాన్ని కాస్త లోతుగా తెలుసుకోవాలని పూనుకున్నాం. మేము గ్రహించిన సంగతులు పాఠకులకు, ముఖ్యంగా తొలి కాన్పు తల్లిదండ్రులకు అక్కరకు వస్తాయని ఆశిస్తున్నాం.

ఎవరి దారికి తగిన బండి వారిది

పిల్లల బండి మొదట పుట్టింది ప్రభువుల తోటలో. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే శిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం ఆల్చిప్ప ఆకారంలో ఒక చిన్న బండి చేశాడు. దాన్ని లాగడానికి మేకనో, పొట్టి గుర్రాన్నో కట్టేవారు. చదునైన ఉద్యానవనం, తోడుగా సేవకులు ఉన్నవారికి అది సరిపోయింది. ఆ తర్వాత పట్టణాల్లో రాళ్ళు పరచిన కాలిబాటలు ఏర్పడ్డాక, వాటికి తగినట్టు చేత్తో నెట్టే బండ్లు వచ్చాయి.

నేడు మనం చూసే తేలికపాటి స్ట్రోలరుకు మూలపురుషుడు ఓవెన్ మెక్లారెన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానం నేలకు దిగేటప్పుడు చాచే చక్రాల అమరికపై పనిచేసిన ఇంజనీరు ఆయన. తన కుమార్తె చంటిబిడ్డతో, బరువైన బండితో ప్రయాణాల్లో పడే అవస్థ ఆయన్ను ఆలోచింపజేసింది. విమానాల పనిలో నేర్చిన విద్యతో, అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించి 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దాని బరువు 3 కిలోలకు లోపే. కూతురి చేతుల బరువు తగ్గించాలనుకున్న ఒక తండ్రి ఆలోచన అది.

ఈ రెండు కథల్లోనూ ముందు దారిని, ప్రయాణాన్ని చూశారు. ఆ తర్వాతే బండి తయారైంది. మనం మాత్రం ఫోనులో బొమ్మ చూసి బండి కొని, ఆ పిమ్మట దారి వెతుక్కుంటున్నాం. పొదిలి వీధుల్లో కాలిబాట అరుదు. రోడ్డు అంచున కాలువ, కాలువ పక్కన కంకర, మధ్యలో ఆగిన ఆటోలు. ప్రధాన రహదారి మీద ఒంగోలు, మార్కాపురం వైపు వెళ్ళే బస్సులు, లారీలు. హైదరాబాదు అపార్టుమెంటులో లిఫ్టు నుండి లోపలి సిమెంటు రోడ్డు మీదికి హాయిగా దిగే బండి ఇక్కడ గడప దాటడానికే ఇద్దరు మనుషులు కావాలి.

కాబట్టి కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ బండిని రోజూ ఎక్కడికి తీసుకువెళతాం? దాన్ని ఎవరు ఎత్తుతారు? ఇంట్లో ఎక్కడ పెడతాం? ఈ మూడింటికీ సమాధానం దొరకకపోతే కొనడం వాయిదా వేయడమే మేలు.

కొనేటప్పుడు చూడవలసినవి

*వయసు.* మెడ నిలవని పసికందును కూర్చోబెట్టే సీటులో వేయరాదు. తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి అందదు. దాదాపు 6 నెలలు వచ్చేవరకు వెన్ను పూర్తిగా వాలి, బిడ్డ చదునుగా పడుకునే బండే వాడాలి. గొడుగులా ముడుచుకునే తేలిక బండ్లలో చాలావరకు ఈ వయసుకు పనికిరావు.

*బెల్టు.* రెండు భుజాలు, నడుముకు రెండు పక్కలు, కాళ్ళ మధ్య ఒకటి, ఇలా అయిదుచోట్ల పట్టి ఉంచే బెల్టు ఉండాలి. అమెరికాలో 1990 నుండి 2010 వరకు స్ట్రోలర్లు, బిడ్డను మోసే క్యారియర్ల వల్ల గాయపడి అత్యవసర చికిత్సకు వచ్చిన అయిదేళ్ళలోపు పిల్లలు సుమారు 3 లక్షల 60 వేల మంది. వారిలో అత్యధికులు బండిలోంచి పడినవారే. "ఇక్కడికే కదా" అనుకున్నప్పుడు కూడా బెల్టు పెట్టాలి.

*బ్రేకు.* కాలితో ఒక్కసారి నొక్కితే వెనుక చక్రాలు రెండూ బిగుసుకోవాలి. దుకాణంలోనే సీటులో ఏదైనా బరువు పెట్టి, ఏటవాలు చోట నిలిపి పరీక్షించండి. ఇంటికి తెచ్చాక ర్యాంపు మీద ఎన్నడూ నిలపకండి, బ్రేకు వేసినా సరే.

*చక్రాలు.* చిన్న ప్లాస్టిక్ చక్రాలు నున్నని గచ్చుకే. కంకరలో ఇరుక్కొని బండి ముందుకు తూలుతుంది. గాలి నింపే పెద్ద చక్రాలు గతుకులకు మంచివే గాని, సర్కారు తుమ్మ ముళ్ళు రాలే మన దారుల్లో పంక్చర్లకు అంతుండదు. లోపల గట్టి రబ్బరు, లేదా ఫోము నింపిన మధ్యరకం చక్రాలు మేలు. ముందు చక్రాలు గిరగిరా తిరగకుండా బిగించే వీలు కూడా ఉండాలి.

*బరువు.* తేలిక బండ్లు 5 నుండి 7 కిలోలు, పెద్దవి 10 నుండి 15 కిలోలు తూగుతాయి. ఏడాది బిడ్డ దగ్గరదగ్గర 9, 10 కిలోలు ఉంటాడు. ఒక చేత బిడ్డ, మరో చేత బండి పట్టుకొని తల్లి ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కగలదా? కొనేది తండ్రి అయినా, ఎత్తి చూడవలసింది తల్లి.

*మడత.* ముడిచేచోట కీళ్ళకు తొడుగులు ఉన్నాయా అని చూడండి. పిల్లల వేళ్ళ కొసలు కీళ్ళలో పడి తెగిన ఘటనల కారణంగా 2009లో అమెరికాలో సుమారు 10 లక్షల బండ్లకు రక్షణ తొడుగులు పంపవలసి వచ్చింది. బండి మడిచేటప్పుడు, విప్పేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచాలి. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 1888, అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఎఫ్833 అనే గుర్తులు చీటీ మీద ఉంటే మంచిదే. అవి ఉన్నా మన పరీక్ష మనం చేసుకోవాలి.

వాడేటప్పుడు మరువరానివి

మన ఎండలు తెలిసినవే. ఎండ తగలకూడదని బండి మీద దుపట్టా కప్పుతారు. పలుచని గుడ్డ అయినా లోపలి గాలిని ఆపి వేడిని పెంచుతుంది. బిడ్డ ముఖం మనకు కనపడదు. గుడ్డ కప్పకుండా పైనున్న గొడుగునే వాడండి. వేసవిలో ఉదయం పూట, మగ్రిబ్‌కు ముందు తప్ప బయటికి తీయకపోవడమే మంచిది.

బండి పిడికి కూరల సంచి తగిలించే అలవాటు మానాలి. బిడ్డను తీయగానే బండి వెనక్కి తిరగబడుతుంది. బిడ్డ లోపల ఉండగానే తిరగబడినా ఆశ్చర్యం లేదు. బురఖా కొంగులు, దుపట్టా అంచులు చక్రాల్లో చిక్కకుండా సర్దుకోవాలి. రోడ్డు దాటేటప్పుడు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆగివున్న వాహనం పక్కనుండి మనం తొంగి చూసేసరికే బండి ముందు చక్రాలు, వాటితోపాటు బిడ్డ, రోడ్డు మీదికి వెళ్ళిపోయి ఉంటారు. ముందు బండిని ఆపి, మనం చూసి, ఆ తర్వాతే నెట్టాలి. పైగా సీటు ఉండే ఎత్తు వాహనాల పొగ గొట్టాల ఎత్తే. రద్దీ వేళ బిడ్డను భుజాన వేసుకోవడమే క్షేమం.

బిడ్డను ఎంతసేపు కూర్చోబెట్టాలన్నదీ ముఖ్యమే. అయిదేళ్ళలోపు పిల్లలను బండిలో గాని, కుర్చీలో గాని, వీపుకు కట్టుకొని గాని ఒకేసారి గంటకు మించి కదలకుండా ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇంకా పాకని శిశువులను మేలుకొని ఉన్నప్పుడు రోజుకు కనీసం 30 నిమిషాలు, కొంచెం కొంచెంగానైనా, బోర్లా పడుకోబెట్టమంది. చాప మీద బోర్లా పడి బిడ్డ నేర్చేది ఏ బండీ నేర్పలేదు.

దుకాణాల్లో స్ట్రోలరు పక్కనే గుండ్రని చట్రంలో బిడ్డను కూర్చోబెట్టే వాకర్లు కూడా అమ్ముతారు. వాటి జోలికి పోకండి. అవి నడక నేర్పవు. మెట్ల మీదినుండి, వేడి పాత్రల వైపు బిడ్డను క్షణంలో చేరుస్తాయి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన ముందుతరాలు వాడిన మూడు చక్రాల కొయ్య నడకబండిలో బిడ్డ తన కాళ్ళ మీద తానే నిలబడి నెట్టేది. ఆ తేడా గమనించదగినది.

చంక, జోలె, మోటారు సైకిలు

పల్నాడు, గుంటూరు మిరప చేలకు కోతకు వెళ్ళే తల్లులు చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను నిద్రపుచ్చుతారు. నడిచేటప్పుడు చంకన వేసుకుంటారు. చంకన రెండు కాళ్ళు అటూ ఇటూ విడివడి కూర్చోవడం తుంటి కీళ్ళకు మంచిదని వైద్యులు చెబుతారు. జోలె గాని, కొనుక్కున్న క్యారియర్ గాని వాడేవారు రెండు విషయాలు చూసుకోవాలి. బిడ్డ ముఖం ఎల్లప్పుడూ కనపడాలి, గడ్డానికీ రొమ్ముకూ మధ్య ఎడం ఉండాలి. బురఖా లోపల బిడ్డను కప్పుకుంటే గాలి ఆడదు, ఉక్కపోస్తుంది. ముఖం బయట ఉండేలా పట్టుకోవాలి.

నిజానికి మన ఊళ్ళలో బిడ్డలు ఎక్కువగా ప్రయాణించేది మోటారు సైకిలు మీద. 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లలను పెద్దవారికి పట్టి ఉంచే బెల్టు తప్పనిసరి. 9 నెలలు దాటినవారికి హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బండికి వేలు పోసే ముందు ఈ రెండూ మన ఇంట్లో ఉన్నాయా అని చూసుకోవాలి.

చివరికి ఏమైంది?

మా ఇంట ఆ బండిని తిరిగి పంపలేదు. అది హైదరాబాదు వీధికి తగిన బండి. అమ్మాయి అత్తవారింటికి వెళ్ళేదాకా మంచం పక్కన మడిచి ఉంచాం. ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు ఆవరణలో రోజూ అరగంట తిరుగుతోంది. బ్రేకు, బెల్టు వేయకుండా మా అమ్మాయి దాని పిడి వదలదు. బిడ్డ పెరిగాక పారవేయకుండా, పొదుపుగా బతికే మరో కుటుంబానికి బాగుచేసి ఇస్తానంది. దుబారాను వారించే ధర్మం మనది. ఒక బండి నలుగురు బిడ్డలకు పనికొస్తే అంతకంటే కావలసిందేముంది?

మరి పొదిలిలో ఉన్నన్నాళ్ళు ఆమె చేతుల నొప్పి సంగతి? ఆ రాత్రి వాదం ముగిశాక అందరం మౌనంగా ఉన్నాం. అప్పుడు అమ్మే అంది: "బిడ్డ బండి అడగలేదురా, చేతులు అడిగింది." మర్నాటినుండి ఫజ్ర్ తర్వాత గంట నానా, అస్ర్ తర్వాత గంట మామూ, రాత్రి తొలి జాము నానీ బిడ్డను ఎత్తుకునేలా వంతులు వేసుకున్నాం. అమ్మాయి కంటినిండా నిద్రపోయింది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ మనుమరాలు ఉమామా (రజి)ను భుజాన ఎత్తుకొని నమాజు చేశారని, సజ్దాకు వెళ్ళేటప్పుడు దింపి, లేచినప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. బిడ్డను మోయడం ఒక్క తల్లి పనే అనుకునే మగవారు ఈ ఉదంతాన్ని మననం చేసుకోవాలి. మీ ఇంట చంటిబిడ్డ ఉంటే, బండి కొన్నా కొనకపోయినా, ఈ సాయంత్రం ఒక గంట బిడ్డను మీరు ఎత్తుకోండి. ఆ గంట ఆ తల్లిని విశ్రాంతి తీసుకోనివ్వండి.